పీ38 పిస్టల్ సేకరణ: ఉక్కుపై ముద్రలను చదవడం నేర్పే సమగ్ర మార్గదర్శి

రెండవ ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనిక పిస్టళ్ల మీద ఆసక్తి కలిగినవారి చూపు ముందుగా లూగర్ పీ08 మీద పడుతుంది. అది చూడముచ్చటైన యంత్రం, కాదనను. అయితే ఈ సేకరణలో అక్షరాభ్యాసం చేయడానికి వాల్టర్ పీ38ను మించిన పలక లేదని నా నమ్మకం. మూడు కర్మాగారాలు కలిసి ఆరేళ్లలో పది లక్షలకు పైగా తయారు చేసిన పిస్టల్ ఇది. యుద్ధం సాగిన కొద్దీ తయారీలో వచ్చిన ప్రతి మార్పు, ప్రతి తొందర, ప్రతి కొరత దీని ఉక్కు మీద గుర్తుగా మిగిలింది. ఆ గుర్తులను చదవగలిగినవారికి అమ్మకందారు చెప్పే కథతో పని ఉండదు. ఆ చదువు ఎలా మొదలుపెట్టాలో, ఏ వరుసలో సాగించాలో ఈ వ్యాసంలో వివరిస్తాను.

మొదటి మెట్టు: మీరు ఉన్న చోట చట్టం ఏమంటుందో తెలుసుకోవడం

దీనిని దాటవేసి ముందుకు వెళ్లాలని చాలామందికి అనిపిస్తుంది కాబట్టే దీనిని మొదట పెట్టాను.

తయారై యాభై ఏళ్లు నిండిన తుపాకిని, దాని అసలు రూపం చెడకుండా ఉంటే, అమెరికా చట్టం పురాతన సేకరణ వస్తువుల వర్గంలో చేర్చుతుంది. అలా ఉన్న యుద్ధకాలపు పీ38లు అన్నీ ఈ వర్గంలోకి వస్తాయి. ఇటువంటివాటిని సేకరించేవారి కోసం ఫెడరల్ ప్రభుత్వం మూడవ రకం లైసెన్సు ఇస్తుంది. దాని గడువు మూడేళ్లు, రుసుము 30 డాలర్లు. ఈ లైసెన్సు ఉన్నవారు ఇతర రాష్ట్రాల నుంచి కూడా ఈ వర్గపు తుపాకులను నేరుగా తెప్పించుకోవచ్చు. అందుకు బదులుగా కొన్న ప్రతి తుపాకిని, అమ్మిన ప్రతి తుపాకిని తేదీతో సహా ఒక పుస్తకంలో నమోదు చేసి ఉంచాలి. ఈ లైసెన్సు వ్యాపారానికి పనికిరాదు. న్యూయార్క్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో దీనిపైన రాష్ట్రపు నిబంధనలు మరికొన్ని ఉంటాయి కాబట్టి వాటిని విడిగా చదువుకోక తప్పదు.

మన తెలుగువారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాల మీద అమెరికాలో ఉన్నవారు తుపాకిని గానీ తూటాలను గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులే దీనికి ఉన్నాయి. గ్రీన్ కార్డు వచ్చినవారికి ఈ నిషేధం వర్తించదు. స్నేహితుడి పేరు మీద కొని మన అల్మరాలో పెట్టుకుందామనే ఆలోచన ఇద్దరినీ నేరస్థులను చేస్తుంది.

భారతదేశంలో ఉన్నవారికి ఈ పిస్టల్ అందని ద్రాక్ష. పీ38 వంటి 9 ఎం.ఎం. పిస్టల్ మన దేశంలో నిషిద్ధ బోరు (సాధారణ పౌరులకు అనుమతించని నాళపు కొలత) కిందికి వస్తుంది. 2019 సవరణ తర్వాత సాధారణ లైసెన్సుదారు వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్య కూడా మూడు నుంచి రెండుకు తగ్గింది. ఆయుధాల చట్టం విడిభాగాలను కూడా ఆయుధాలుగానే పరిగణిస్తుంది కాబట్టి, జ్ఞాపికగా ఒక మ్యాగజైనో (తూటాలు నింపే పెట్టె), బ్యారెలో (తూటా వెలువడే గొట్టం) సంచిలో వేసుకుని స్వదేశానికి బయలుదేరడం ప్రమాదకరం. బ్రిటన్‌లో 1997 తర్వాత చేతి తుపాకులు దాదాపు పూర్తిగా నిషిద్ధం. చారిత్రక విలువ ఉన్నవాటికి మాత్రం కఠినమైన షరతులతో ప్రత్యేక అనుమతి లభిస్తుంది. ఈ దేశాలలో ఉన్నవారు కింది మెట్లను ప్రదర్శనశాలల్లోని పిస్టళ్లను, వేలం జాబితాల్లోని ఛాయాచిత్రాలను చదవడానికి ఉపయోగించుకోవచ్చు. నిజానికి నేను కూడా మొదటి రెండేళ్లు ఛాయాచిత్రాలతోనే గడిపాను. ఆ రెండేళ్లలో మిగిలిన డబ్బే తర్వాత మంచి పిస్టల్ కొనడానికి పనికివచ్చింది.

రెండవ మెట్టు: ఈ పిస్టల్ ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవడం

జర్మన్ సైన్యం 1908లో స్వీకరించిన లూగర్ పిస్టల్ మోచేయిలా మడుచుకునే కీలుతో పనిచేస్తుంది. దాని భాగాలను ఉక్కు దిమ్మల నుంచి చెక్కడానికి, ఒకదానితో ఒకటి కుదర్చడానికి నిపుణులైన పనివాళ్లు ఎన్నో గంటలు శ్రమించాలి. లక్షల సంఖ్యలో సైన్యాన్ని పెంచుతున్న 1930లలో ఆ ఖర్చు, ఆ ఆలస్యం సైన్యానికి భారమయ్యాయి. టురింజియా ప్రాంతంలోని త్సెల్లా-మేలిస్ పట్టణంలో, కార్ల్ వాల్టర్ 1886లో స్థాపించిన సంస్థ ఈ అవకాశాన్ని అందిపుచ్చుకుంది. ఆ సంస్థ 1929లోనే పీపీ అనే చిన్న పిస్టల్‌తో డబుల్ యాక్షన్ పద్ధతికి పేరు తెచ్చింది. అంటే హ్యామర్‌ను (దెబ్బ కొట్టి తూటాను పేల్చే సుత్తి వంటి భాగం) ముందుగా వెనక్కి లాగి ఉంచనవసరం లేకుండా, ట్రిగ్గర్‌ను నొక్కితేనే హ్యామర్ లేచి పడుతుంది. ఆ పద్ధతిని పెద్ద తూటాకు తగినట్టు మలచి, హ్యామర్ లోపల దాగి ఉండే ఒక నమూనాను వాల్టర్ మొదట సమర్పించింది. హ్యామర్ పైకి కనబడాలని సైన్యం కోరడంతో దానిని మార్చారు. అలా రూపుదిద్దుకున్న పిస్టల్‌ను 1938లో స్వీకరించారు కాబట్టి దానికి పీ38 అనే పేరు వచ్చింది.

దీని బ్యారెల్ పొడవు 125 మిల్లీమీటర్లు, మొత్తం పొడవు 216 మిల్లీమీటర్లు. మ్యాగజైన్‌లో ఎనిమిది తూటాలు పడతాయి. పేల్చినప్పుడు బ్యారెల్, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకు వెనక్కి జారే భాగం) కలిసి కొద్ది దూరం వెనక్కి జరుగుతాయి. ఆ తర్వాత బ్యారెల్ కింద ఉన్న చిన్న బంధన దిమ్మ కిందికి జారి స్లైడ్‌ను విడిచిపెడుతుంది. ఈ చిన్న దిమ్మ పేరు మనసులో పెట్టుకోండి. పిస్టల్ పరీక్షించేటప్పుడు మళ్లీ దాని దగ్గరికి వస్తాము.

మూడవ మెట్టు: మూడు కర్మాగారాలను వేరుచేసి చూడటం

ఏ పీ38 ఎక్కడ తయారైందో స్లైడ్ ఎడమ వైపున ఉన్న చిన్న సంకేతమే చెబుతుంది. శత్రువుకు తెలియకూడదని జర్మన్ ప్రభుత్వం తయారీదారుల పేర్లకు బదులు మొదట అంకెలను, తర్వాత అక్షరాలను వాడించింది. ఈ ఏర్పాటు సేకరణకర్తల పాలిట వరమైంది.

వాల్టర్ కర్మాగారంలో తొలి పిస్టళ్ల మీద సంస్థ చిహ్నమైన పతాకమే ఉండేది. వాటి సీరియల్ నంబర్లు సున్నాతో మొదలవుతాయి కాబట్టి వాటిని సున్నా వరుస అంటారు. మొత్తం సుమారు 13,000 తయారయ్యాయి. వీటిలోనూ మొదటి వెయ్యిలో పేలిన తూటా తొడుగును లాగే కొక్కెం స్లైడ్ లోపల దాగి ఉంటుంది, తూటాను పొడిచి పేల్చే పిన్ను చదరపు అంచులతో ఉంటుంది. 1940లో పతాకం స్థానంలో 480 అనే అంకె వచ్చింది. ఆ సంకేతంతో వెలువడినవి సుమారు 7,000. అదే ఏడాది చివరకు అంకె పోయి ‘ఏసీ’ అనే అక్షరాలు వచ్చాయి. మొదట సంవత్సరం లేకుండా కొద్ది వేల పిస్టళ్ల మీద ‘ఏసీ’ ఒక్కటే కొట్టారు. తర్వాత దాని కింద 40 చేర్చారు. ఆపై 41, 42 అని యుద్ధం ముగిసే 45 వరకు ఆ వరుస సాగింది. 1943 మధ్యలో మరో చిన్న మార్పు కనిపిస్తుంది: అంతవరకు అక్షరాల కింద ఉన్న సంవత్సరం వాటి పక్కకు, ఒకే వరుసలోకి జరిగింది. ముద్ర వేసే పనిలో ఒక దెబ్బ తగ్గింది కాబోలు అని నేను అనుకుంటాను.

రెండవది ఓబెర్న్‌డార్ఫ్ పట్టణంలోని మౌజర్. సైన్యానికి లూగర్లు తయారు చేస్తున్న కర్మాగారం ఇదే. 1942లో ఆ పని నిలిపి, ఏడాది చివరి నుంచి పీ38లు తయారు చేయడం ప్రారంభించింది. దీని సంకేతం ‘బీవైఎఫ్’. 42 సంవత్సరం ఉన్నవి కొద్దిగానే కనిపిస్తాయి. 43, 44 సంవత్సరాలవి విరివిగా దొరుకుతాయి. 1945లో సంకేతం ‘ఎస్‌వీడబ్ల్యూ’గా మారింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఫ్రెంచి సైన్యం పట్టణాన్ని ఆక్రమించింది. అక్కడితో ఆగకుండా, ఉన్న యంత్రాలతో, మిగిలిన భాగాలతో 1946 వరకు తమ కోసం పిస్టళ్లు తయారు చేయించుకుంది. బూడిద రంగు ఫాస్ఫేట్ పూత, లోహపు గ్రిప్పులు (పిడికి ఇరువైపులా ఉండే పలకలు), ఐదు కోణాల చిన్న నక్షత్రం ముద్ర ఉన్న ఈ పిస్టళ్లను అమెరికా సేకరణకర్తలు ‘బూడిద దయ్యాలు’ అనే అర్థమిచ్చే పేరుతో పిలుస్తారు. ఒకే స్లైడ్ మీద జర్మన్ సంకేతం, ఫ్రెంచి నక్షత్రం కలిసి ఉండటం మొదటిసారి చూసినవారికి నకిలీ అనిపించవచ్చు. అది నకిలీ కాదు, ఓటమికి గెలుపుకు మధ్య ఒక కర్మాగారం చేతులు మారిన గుర్తు.

మూడవది స్ప్రీవెర్క్. ఇది నేటి చెక్ దేశంలోని, అప్పటి సుడేటెన్‌లాండ్‌లోని గ్రోటౌ పట్టణంలో ఉండేది. 1942 నుంచి ‘సీవైక్యూ’ అనే సంకేతంతో పిస్టళ్లు తయారు చేసింది. వీటి మీద సంవత్సరం ఉండదు కాబట్టి కాలాన్ని సీరియల్ నంబరును బట్టే ఊహించాలి. స్ప్రీవెర్క్ పిస్టళ్ల పైపూత గరుకుగా ఉంటుంది. కోత యంత్రపు గీతలు కంటికి కనిపిస్తూనే ఉంటాయి. దానిని చూసి చాలామంది వీటిని చౌకరకమని తీసిపారేస్తారు. పైమెరుగుకు పట్టే గంటలు ఆదా చేశారే గానీ, కొలతలను సైనిక తనిఖీదారులు ఇక్కడ కూడా పరీక్షించారు. యుద్ధం చివరి నెలల్లో ముద్ర అచ్చులో ‘వై’ అక్షరపు తోక విరిగిపోయింది. కొత్త అచ్చు చేయించే తీరిక లేక దానితోనే పని సాగించారు. ఆ కాలపు పిస్టళ్ల మీద ‘సీవైక్యూ’ కాస్తా ‘సీవీక్యూ’ అని కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవారు దీనిని నాలుగో కర్మాగారమని పొరబడటం నేను రెండు మూడుసార్లు చూశాను.

ఇక్కడే ఒక విషయం చెప్పకుండా ముందుకు సాగకూడదు. ఈ పిస్టళ్లలో గణనీయమైన భాగం బలవంతపు శ్రమతో తయారైంది. హాంబర్గ్ సమీపంలోని నోయెన్‌గామ్మ నిర్బంధ శిబిరంలోనే వాల్టర్ సంస్థ ఒక కర్మాగారం నడిపింది. అక్కడి ఖైదీలు పిస్టళ్ల, తుపాకుల భాగాలు తయారు చేశారు. ఆ కర్మాగారపు భవనాలు నేటికీ స్మారక స్థలంలో భాగంగా నిలిచి ఉన్నాయి. గ్రోటౌకు సమీపంలోని క్రాట్సౌలో గ్రోస్-రోజెన్ శిబిరానికి చెందిన మహిళా ఉపశిబిరం ఉండేది. అక్కడి స్త్రీలను స్ప్రీవెర్క్ పనికి పంపేవారు. మౌజర్ కూడా ఆక్రమిత దేశాల నుంచి తెచ్చిన వేలమందితో పని చేయించుకుంది. సేకరణ వివరాల పత్రంలో తయారీదారు పేరు, సంవత్సరంతో పాటు ఈ సంగతి కూడా రాసి పెట్టుకోవడం నా అలవాటు. మన గడపల మీద పసుపు కుంకుమలతో దిద్దే స్వస్తికం, స్లైడ్ మీద డేగ కాళ్ల కింద కనిపించే స్వస్తిక ఒకటేనా అని ఇంట్లో పిల్లలు తప్పకుండా అడుగుతారు. జవాబు ముందే సిద్ధం చేసుకోండి.

నాలుగవ మెట్టు: చిన్న ముద్రలను, నంబర్లను చదవడం

ఒక మంచి భూతద్దం, పక్కనుంచి వెలుగునిచ్చే చిన్న దీపం, కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి. పైనుంచి పడే వెలుగులో ముద్రల లోతు తెలియదు.

ముందుగా తనిఖీదారుల ముద్రలను వెతకండి. డేగ బొమ్మ కింద అంకె ఉన్న ఈ చిన్న ముద్ర, ఆ భాగాన్ని సైన్యపు ఆయుధ విభాగం పరిశీలించి అంగీకరించిందని తెలుపుతుంది. వాల్టర్ పిస్టళ్ల మీద 359, మౌజర్ వాటి మీద 135, స్ప్రీవెర్క్ వాటి మీద 88 అంకెలు కనిపించాలి. ‘సీవైక్యూ’ స్లైడ్ ఉన్న పిస్టల్ ఫ్రేము (పిడితో కూడిన కింది భాగం) మీద 359 కనిపిస్తే, రెండు పిస్టళ్ల భాగాలు ఎక్కడో కలిశాయని గ్రహించవచ్చు. అయితే దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. ఆక్రమిత బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కర్మాగారం ఫ్రేములు, స్లైడ్‌లు తయారు చేసి జర్మన్ కర్మాగారాలకు పంపేది. వాటి మీద 140 అంకె ఉంటుంది. యుద్ధం చివరి దశ పిస్టళ్లలో ఈ 140 కనిపిస్తే అది లోపమేమీ కాదు. 1944 సెప్టెంబరులో బెల్జియం విముక్తమైనా, అప్పటికే చేరిన భాగాలను జర్మన్లు ఆ తర్వాత కూడా వాడుకున్నారు. డేగ, స్వస్తిక మాత్రమే ఉండి అంకె లేని ముద్ర వేరు. అది పేల్చి పరీక్షించినట్టు తెలిపే ముద్ర.

తర్వాత సీరియల్ నంబరు. స్లైడ్, ఫ్రేము, బ్యారెల్ మూడింటి మీద ఒకే నంబరు ఉండాలి. అంకెల తర్వాత వచ్చే చిన్న అక్షరాన్ని కూడా కలిపి చదవాలి. పది వేలు పూర్తయ్యాక మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి వెనుక ‘ఏ’ చేర్చడం, మరో పది వేల తర్వాత ‘బీ’ చేర్చడం జర్మన్ పద్ధతి. వాల్టర్‌లో ప్రతి కొత్త సంవత్సరం ఈ వరుస మొదటికి వచ్చేది. కాబట్టి అక్షరం ఎంత ముందుకు జరిగితే ఆ సంవత్సరంలో అంత ఆలస్యంగా తయారైనట్టు లెక్క. అంకెలు సరిపోతే చాలదు, వాటి ఆకృతి కూడా సరిపోవాలి. నాలుగు అంకె తల మూసుకుని ఉందా తెరిచి ఉందా, ఒకటికి పాదం ఉందా లేదా, అంకెల మధ్య దూరం సమానమేనా అని మూడు చోట్లా పోల్చండి. విడిభాగాలతో కూర్చిన పిస్టల్‌కు నంబరు తిరగకొట్టి ‘అసలు జత’ అని అమ్మేవారు ఉన్నారు. వారు అంకెను మార్చగలరు, ఎనభై ఏళ్ల కిందటి అచ్చును తేలేరు.

మ్యాగజైన్‌ను మరచిపోకండి. దాని మీద ‘పీ38’ అని, తనిఖీ ముద్ర ఉండాలి. కొన్నింటి మీద ‘జేవీడీ’ అనే సంకేతం కనిపిస్తుంది. అది విడిగా మ్యాగజైన్లు సరఫరా చేసిన తయారీదారుది. యుద్ధం తర్వాతి మ్యాగజైన్‌తో అమ్ముతూ పూర్తి ధర అడిగితే, సరైన మ్యాగజైన్ వెతకడానికి పట్టే డబ్బును, ఓపికను ధర నుంచి తీసివేయండి.

ఐదవ మెట్టు: పూత, తర్వాతి జీవితపు ఆనవాళ్లు

1940, 41ల నాటి వాల్టర్ పిస్టల్‌ను పట్టుకుంటే అద్దంలా మెరిసే నీలి నలుపు కనిపిస్తుంది. 1942 నుంచి ఆ మెరుగు క్రమంగా మసకబారింది. యంత్రపు గీతలు పూతలోంచి తొంగిచూడటం మొదలైంది. 1944, 45ల మౌజర్లలో స్లైడ్ ఒక ఛాయలో, ఫ్రేము మరో ఛాయలో ఉండే రెండు రంగుల పిస్టళ్లు కూడా కర్మాగారం నుంచే వచ్చాయి. కాబట్టి రంగు తేడా చూసి వెంటనే అనుమానించకూడదు, సంవత్సరాన్ని చూసి తూకం వేయాలి. 1941 నాటి పిస్టల్ మీద గరుకు పూత ఉంటే అనుమానించాలి. 1945 నాటి దాని మీద అద్దం లాంటి మెరుపు ఉంటే మరింత అనుమానించాలి.

తిరిగి పూత పూసిన పిస్టల్‌ను గుర్తించడానికి మూడు చోట్ల చూస్తాను. ముద్రల అంచులు పదునుగా ఉన్నాయా, అరిగి నీటిలో నానినట్టు కనిపిస్తున్నాయా అన్నది మొదటిది. పిన్నులు దూరే రంధ్రాల చుట్టూ లోహం చిన్న సాసరులా పల్లమైందా అన్నది రెండవది. పాలిష్ చక్రం ఒత్తిడికి అలా జరుగుతుంది. పూత కింద పాత తుప్పు గుంటలు కనిపిస్తున్నాయా అన్నది మూడవది. గుంట ముందు, పూత తర్వాత వచ్చిందంటే ఇక చర్చ అవసరం లేదు.

యుద్ధం ముగిసినంత మాత్రాన ఈ పిస్టళ్ల ప్రయాణం ముగియలేదు. సోవియట్ సైన్యం స్వాధీనం చేసుకున్న పీ38లను ఆయుధాగారాలలో విప్పి, శుభ్రం చేసి, అన్నింటికీ ఒకే ముదురు పూత ముంచి, చేతికి దొరికిన భాగాలతో తిరిగి కూర్చారు. వాటిమీద తరచు ఒక ‘ఎక్స్’ గుర్తు కనిపిస్తుంది. మ్యాగజైన్ మీద విద్యుత్ సూదితో గీసిన నంబరు ఉంటుంది. తూర్పు జర్మనీ ప్రజా పోలీసులు వాడినవాటి మీద సూర్యకిరణాల ముద్ర, ఆస్ట్రియా సైన్యం వాడినవాటి మీద ‘బీహెచ్’ అక్షరాలు ఉంటాయి. పశ్చిమ జర్మనీలో ఉల్మ్ నగరానికి తరలి కొత్తగా మొదలైన వాల్టర్ సంస్థ, 1957 నుంచి అక్కడి సైన్యానికి ఇదే పిస్టల్‌ను అల్యూమినియం మిశ్రమపు ఫ్రేముతో తయారు చేసింది. తర్వాత దానికి పీ1 అని పేరు మారింది. దీనిని యుద్ధకాలపుదిగా అమ్మజూపేవారు తక్కువేమీ కాదు. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. యుద్ధకాలపు ఉక్కు ఫ్రేముకు అతుక్కుంటుంది, పీ1 ఫ్రేముకు అతుక్కోదు.

నా మొదటి పీ38 విషయంలో నేను మోసపోయింది ఈ మెట్టు దగ్గరే. ఒక వారాంతపు ప్రదర్శనలో ఒక పెద్దమనిషి ‘సీవైక్యూ’ పిస్టల్ చూపించి, దానిని తన తండ్రి 1945లో జర్మన్ అధికారి నడుము నుంచి తీసుకున్నాడని చెప్పాడు. కథ బాగుంది, తోలు తొడుగు కూడా ఉంది. ఇంటికి తెచ్చి బ్యారెల్ కింద దీపం పెట్టి చూస్తే, చీమ తలకాయంత అక్షరాలతో ఒక దిగుమతి సంస్థ పేరు, ఊరు చెక్కి ఉన్నాయి. 1968 నాటి అమెరికా చట్టం తర్వాత వ్యాపారులు దిగుమతి చేసిన తుపాకుల మీద ఆ ముద్ర ఉండాలి. అంటే ఆ పిస్టల్ తండ్రి సంచిలో కాక, దశాబ్దాల తర్వాత ఓడలో పెట్టెలకొద్దీ వచ్చింది. దిగుమతి ముద్ర ఉన్నంత మాత్రాన పిస్టల్ చెడ్డదని కాదు. సోవియట్ ఆయుధాగారం నుంచి వచ్చిన దానికి దాని స్థాయిలో ధర ఇచ్చి కొంటే, నేర్చుకోవడానికి అదే చవకైన మార్గం. నేను ఇచ్చిన ధర మాత్రం కథకు ఇచ్చిన ధర.

నిజంగానే సైనికులు వెంట తెచ్చుకున్న పిస్టళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింటికి అప్పటి పై అధికారి సంతకం చేసిన అనుమతి పత్రం ఉంటుంది. ఆ కాగితం మీద సీరియల్ నంబరు టైపు చేసి, అది పిస్టల్ మీది నంబరుతో సరిపోతే విలువ ఎంతో పెరుగుతుంది. నంబరు లేని కాగితం ఏ పిస్టల్‌తోనైనా ప్రయాణం చేయగలదు.

ఆరవ మెట్టు: చేతిలోకి తీసుకుని పరీక్షించడం

పిస్టల్‌ను అందుకున్న వెంటనే, ఎవరు ఏమి చెప్పినా, ఖాళీగా ఉందో లేదో మీరే చూసుకోవాలి. బ్యారెల్ నోటిని మనుషులు లేని వైపు ఉంచి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, ముందు మ్యాగజైన్ తీసివేయండి. తర్వాత స్లైడ్‌ను వెనక్కి లాగి నిలిపి, బ్యారెల్ వెనుక తూటా కూర్చునే గదిలోకి కంటితో చూడండి, చిటికెన వేలితో తడమండి. పీ38లో హ్యామర్ పైన ఒక చిన్న సూది గదిలో తూటా ఉంటే బయటికి పొడుచుకు వస్తుంది. అది మంచి ఏర్పాటే గాని ఎనభై ఏళ్ల స్ప్రింగు మాటను నమ్మి కంటి పరీక్ష మానకూడదు.

ఇందులో భద్రతా మీటను కిందికి దించితే హ్యామర్ దానంతట అదే పడుతుంది. ఆ మీట లోపలి దిమ్మ పిన్నును అడ్డుకోవాలి. అరిగిపోయిన, పగిలిన లేక విడిభాగాలతో కూర్చిన పిస్టల్‌లో అది అడ్డుకోకపోవచ్చు. కాబట్టి గదిలో తూటా ఉండగా ఈ మీటతో హ్యామర్‌ను దించే పని ఎన్నడూ చేయకండి. ఖాళీ పిస్టల్‌తో కూడా అమ్మకందారు అనుమతి లేకుండా చేయకండి.

తర్వాత అనుమతి తీసుకుని స్లైడ్‌ను విప్పండి. బంధన దిమ్మ రెండు రెక్కల మూలల్లో సన్నని పగుళ్లు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. ఈ పిస్టల్‌లో ముందుగా అలిసిపోయే భాగాలలో అది ఒకటి. స్లైడ్ పైన వెనుక గురి దగ్గర ఉన్న పలుచని రేకు మూత గట్టిగా కూర్చుందో లేదో చూడండి. అది వదులైతే పేల్చినప్పుడు ఎగిరిపోయి, దాని కింద ఉన్న చిన్న భాగాలు పోతాయి. బ్యారెల్ లోపల వెలుగు వేసి గాడులు స్పష్టంగా ఉన్నాయా, నల్లటి గుంటలు పడ్డాయా చూడండి. కాల్చాలన్న ఉత్సాహం ఉంటే ముందు అనుభవజ్ఞుడైన తుపాకి మరమ్మతుదారుకు చూపించాలి. సంఖ్యలన్నీ కలిసిన పిస్టల్‌ను కాల్చి ఒక భాగం విరగ్గొట్టుకుంటే ఆ భాగం మళ్లీ దొరకవచ్చు, ఆ నంబరు దొరకదు. కాల్చాలనుకుంటే సోవియట్ ఆయుధాగారం నుంచి వచ్చిన, నంబర్లు కలవని పీ38 ఒకటి పక్కన కొనుక్కోవడం మేలు.

ఏడవ మెట్టు: ఏది ముందు కొనాలి

మొదటి కొనుగోలుగా ‘బీవైఎఫ్ 44’ లేదా ‘ఏసీ 44’, నంబర్లు మూడూ కలిసినది, పూత తిరిగి పూయనిది ఎంచుకోమంటాను. ఇవి విరివిగా దొరుకుతాయి కాబట్టి పోల్చుకోవడానికి నమూనాలు ఎక్కువ ఉంటాయి, తప్పు చేసినా నష్టం పరిమితం. దాని తర్వాత గరుకు పూత ఉన్న స్ప్రీవెర్క్ ఒకటి చేరితే మూడు కర్మాగారాల తేడా ఒకే బల్ల మీద కనిపించడానికి ఇంకొకటే మిగులుతుంది. సున్నా వరుస, 480, సంవత్సరం లేని ‘ఏసీ’ల జోలికి కనీసం యాభై పిస్టళ్లను విప్పి చూసేవరకు వెళ్లకండి. ధర ఎంత ఎక్కువైతే నకిలీకి అంత శ్రద్ధ పెడతారు. స్వీడన్ సైన్యం యుద్ధానికి ముందు ఆర్డర్ చేసిన ‘హెచ్’ అక్షరంతో మొదలయ్యే నంబర్ల పిస్టళ్లు కూడా ఈ అరుదైన వర్గంలోనివే.

తోలు తొడుగులను వేరే అంశంగా చూడాలి. తొలి ఏళ్లవి గట్టి తోలుతో పూర్తిగా కప్పేలా, తర్వాతివి మెత్తగా తక్కువ కుట్లతో ఉంటాయి. వెనుక తయారీదారు, సంవత్సరం, తనిఖీ ముద్ర, ‘పీ38’ అని ఉండాలి. పిస్టల్ సంవత్సరానికి తొడుగు సంవత్సరం సరిపోతే సంతోషం, సరిపోకపోయినా ఒకే సైనికుడి వద్ద రెండూ ఉండి ఉండవచ్చు.

ఎనిమిదవ మెట్టు: దాచడం, రాసి పెట్టడం

తొడుగులో పిస్టల్‌ను పెట్టి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. తోలును పదును చేసిన రసాయనాలు ఉక్కును తింటాయి. పూత మీద వేలిముద్రల ఆకారంలో తుప్పు మొలవడానికి ఒక వేసవి చాలు. చేతికి నూలు తొడుగు వేసుకుని ముట్టుకోవడం, ముట్టుకున్న ప్రతిసారీ మెత్తని గుడ్డతో పలుచగా నూనె రాయడం, తాళం ఉన్న ఉక్కు బీరువాలో తేమ పీల్చే సిలికా సంచులతో ఉంచడం సరిపోతాయి. ఉక్కుపీచు, పాలిష్ ముద్దలు, ఇంట్లో చేసే నీలి పూత రసాయనాలు పిస్టల్ దగ్గరికి రానివ్వకండి. పాత మురికి పోవాలంటే నూనె వేసి రెండు రోజులు నానబెట్టి గుడ్డతో తుడిస్తే చాలు.

ప్రతి పిస్టల్‌కు ఒక కాగితం తయారు చేయండి. సంకేతం, సంవత్సరం, అక్షరంతో సహా నంబరు, కనిపించిన ప్రతి తనిఖీ ముద్ర, అది ఉన్న చోటు, గ్రిప్పుల రంగు, మ్యాగజైన్ సంకేతం, ఎక్కడ ఎప్పుడు ఎంతకు కొన్నారో రాయండి. రెండు వైపులా, లోపలి భాగాలకు కూడా పక్కవెలుగులో ఛాయాచిత్రాలు తీసి జతచేయండి. అమ్మకందారు చెప్పిన కథను కూడా రాయండి, అయితే వేరే రంగు సిరాతో. నా ‘సీవైక్యూ’ కాగితం మీద ఆ జర్మన్ అధికారి నడుము కథ ఎర్ర సిరాలో ఉంది. దాని కింద నల్ల సిరాలో దిగుమతి ముద్ర, ‘ఎక్స్’ గుర్తు, విద్యుత్ సూదితో గీసిన మ్యాగజైన్ నంబరు ఉన్నాయి.